గట్టుకు ఏటివైపు ఐదు అరుగులు: లంకల గన్నవరంలో మా విడిది డైరీ

2024 డిసెంబరు 8, ఆదివారం

ఇవాళ్టికి కొలతలు పూర్తయ్యాయి. ఏటిగట్టుకు గోదారి వైపు మా కొబ్బరితోట ఎకరం నలభై సెంట్లు, చెట్లు డెబ్భై ఎనిమిది. గట్టుకు ఊరివైపు పాత మండువా ఇల్లు, దాని వెనక పశువులపాక, పాతిక సెంట్ల పెరడు. బయటి ఊళ్ల నుంచి వచ్చే కుటుంబాలు రెండు మూడు రోజులు ఉండి వెళ్లేలా ఈ రెండింటినీ కలిపి ఒక విడిది చేయాలని ఏడాదిగా ఇంట్లో అనుకుంటున్నాం. ఇక అనుకోవడం చాలు, చేసింది చేసినట్టు రాసుకుందామని ఈ పుస్తకం తెరిచాను.

నేను పుట్టింది అనంతపురం జిల్లాలో. సివిల్ డిప్లొమా చేశాను. పెళ్లయి ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్లు. మావయ్యకి వరి, కొబ్బరి తప్ప వేరే లోకం లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులంతా క్రాప్ హాలిడే పెట్టినప్పుడు మావయ్య కూడా నారు పోయకుండా చేను బీడు పెట్టారట. ఆ ఏడాది గురించి ఇప్పటికీ ఎక్కువ మాట్లాడరు. కొబ్బరికాయ ధర అంబాజీపేట మార్కెట్‌లో ఒక నెల నవ్విస్తుంది, మూడు నెలలు ఏడిపిస్తుంది. పొలం అమ్మకుండా పిల్లల్ని చదివించాలంటే ఇంకో ఆదాయం కావాలి. విడిది ఆలోచన అక్కడ పుట్టింది.

నేను వేసిన మొదటి ప్లాన్‌లో గోదారి ఒడ్డునే ఐదు సిమెంటు కాటేజీలున్నాయి. గీసి, రంగులేసి, భోజనాల దగ్గర అందరికీ చూపించాను. మామ్మ (మా ఆయనకి నాయనమ్మ, ఎనభై నాలుగేళ్లు) కాగితం చూడలేదు. నా చెయ్యి పట్టుకుని మండువాలోకి తీసుకెళ్లి, నడవా స్తంభానికి కొట్టిన ఒక మేకు చూపించింది. నా నడుం ఎత్తున ఉంది. పదకొండేళ్లుగా దానికి చేటలు తగిలిస్తున్నాం, అదేమిటో నేనెప్పుడూ అడగలేదు.

"ఎనభై ఆరులో నీళ్లు అంతవరకూ వచ్చాయమ్మాయ్. గట్టు తెగితే ఊరివైపే అంత. ఏటివైపు చెట్ల మొవ్వులే కనపడ్డాయి."

1986 ఆగస్టు వరద అది. భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులు చేరింది. ఆ తర్వాత గట్లు ఎత్తు పెంచారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినా మా దగ్గర గట్టు నిలబడింది. కానీ అప్పుడు ఏటివైపు తోటలో ఎంత నీరు నిలిచిందో నా కళ్లతో నేనే చూశాను. చూసి కూడా కాటేజీలు గీశాను.

"గట్టుకి అవతలిది మనం సాగు చేసుకునేదే కానీ మనది కాదు, గోదారిది. అడిగిన రోజున తీసి ఇచ్చెయ్యగలిగిందే అక్కడ పెట్టు," అంది మామ్మ.

చట్టమూ అదే మాట చెబుతోంది. 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం ఇప్పటికీ ఉంది. జలవనరుల శాఖ అనుమతి లేకుండా ఏటివైపు శాశ్వత కట్టడం లేపకూడదు. కాటేజీల కాగితం వెనక్కి తిప్పి, ఖాళీవైపు ఒకే వాక్యం రాశాను: ఏటివైపు పెట్టే ప్రతి వస్తువూ ఆరు గంటల్లో గట్టు దాటి ఊరివైపు రావాలి.

2025 జనవరి 4

ఒకటో అరుగు నమూనా తయారైంది. అరుగు అంటే నేల మీద రెండున్నర అడుగుల ఎత్తున నిలిచే చెక్క వేదిక. పన్నెండడుగులు పొడవు, పదడుగులు వెడల్పు, దాని మీద కాన్వాసు గుడారం. కాళ్లకి సరుగుడు బాదులు, అడ్డాలకి ముదురు తాటి పట్టెలు. మేకు ఒక్కటీ లేదు, అన్నీ బోల్టులే. మొత్తం పధ్నాలుగు ముక్కలు, ఏ ముక్కనైనా ఇద్దరు మోయగలగాలి. వడ్రంగి మేస్త్రి మొదట్లో ఒప్పుకోలేదు. "తాటి పట్టెకి మేకు కొడితేనే పట్టండి, బోల్టయితే కదిలిపోద్ది," అన్నాడు. పట్టెకు రెండువైపులా ఇనుప వాషరు వేసి బిగించి చూపించాక, ఎక్కి గెంతి చూసి, సరేనన్నాడు.

చోటు ఎంచడం మాత్రం చాలా కష్టమైంది. కొబ్బరితోటలో గుడారం అనగానే అందరికీ చెట్టు నీడ కళ్లలో మెదులుతుంది. ఆ చెట్టు మీంచి కాయ పడుతుంది, ఎండుమట్ట పడుతుంది. మట్ట పదిహేనడుగులకు తక్కువుండదు. నలభై అయిదు రోజులకోసారి దింపు తీయించినా, మధ్యలో రాలే కాయను ఎవరూ ఆపలేరు. పాతికడుగులకో చెట్టున్న తోటలో మనిషి తల మీద ఏమీ పడని చోటు ఎక్కడుంటుంది?

మావయ్య తోటంతా తిప్పి ఐదు ఖాళీలు చూపించారు. 1996 నవంబరు 6 తుపానులో మా తోటలో సగానికి పైగా చెట్లు పడిపోయాయి. తర్వాత మళ్లీ మొక్కలు పెట్టారు కానీ ఐదు చోట్ల మాత్రం రెండుసార్లు పెట్టినా బతకలేదట. ఆకాశం కనపడే ఆ ఐదు ఖాళీలే మా ఐదు అరుగులు. ఒక్కోటి పడిపోయిన రెండు మూడు చెట్ల చోటు. మావయ్య ఒక్కో చోట నిలబడి అక్కడ ఏ చెట్టుండేదో, ఏడాదికి ఎన్ని కాయలు కాసేదో చెబుతుంటే నేను సున్నంతో గుర్తులు పెట్టుకుంటూ వచ్చాను.

ఇంకో నియమం: దీపాలకైనా, ఉయ్యాలకైనా కొబ్బరి మానుకి మేకు కొట్టకూడదు. మామిడికో వేపకో దెబ్బ తగిలితే బెరడు పూడుకుంటుంది. కొబ్బరికి పూడదు, దెబ్బ దెబ్బగానే ఉండిపోతుంది, పురుగు అందులోంచే దూరుతుంది. అన్నీ కొబ్బరి తాడుతోనే కడతాం.

జనవరి 15, కనుమ

పని లేదు. అందరం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. పదకొండు ఊళ్ల రుద్రులు ఒక్క తోటలో కొలువుదీరే రోజు. కౌశిక కాలువ నీళ్లలోంచి ప్రభను (దేవుణ్ణి నిలిపే పెద్ద వెదురు అలంకారాన్ని) భుజాల మీద దాటిస్తుంటే నాకు ప్రతి ఏడూ ఊపిరి ఆగుతుంది. తిరిగొస్తుంటే హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం దారిలో కనపడి, ఈ రాత్రికి ఉండటానికి ఎక్కడైనా గది దొరుకుతుందా అని అడిగారు. అమలాపురం, రావులపాలెం లాడ్జిలన్నీ నిండిపోయాయట. మా ముందు గదిలో పడుకోబెట్టాం. మా విడిదికి వీళ్లే మొదటి అతిథులని మా అమ్మాయి ప్రకటించింది. తనకి తొమ్మిదేళ్లు.

ఫిబ్రవరి 23

మండువా పని. ఇక్కడ నేను చేసిన తప్పు రాసి తీరాలి, మళ్లీ ఎవరూ చేయకుండా.

ఈ ఇల్లు మావయ్యగారి తాతగారు కట్టించారు. నాలుగు వైపులా వసారా, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, వానకి నాలుగు చూరుల నీళ్లూ అందులోకే దిగుతాయి. గోడలు ఇటుక, గానుగ సున్నం. అతిథులకి మూడు గదులు సిద్ధం చేయాలి. పడమటి గది గోడ అడుగున సున్నం రాలిపోతుంటే, నేను చదువుకున్న చదువు ప్రకారం సిమెంటు ప్లాస్టరింగు చేయించాను. నెల తిరక్కుండానే రంగు బొబ్బలెత్తింది, దాని పైన మూడడుగుల ఎత్తు వరకూ కొత్తగా చెమ్మ ఎక్కింది.

ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పాత తాపీమేస్త్రిని పిలిపించాం. గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "ఈ గోడ నేలలో చెమ్మ పీల్చి ఒంట్లోంచి బయటికి వదులుద్దండి. మీరు మూత వేసేశారు. ఇంక ఎటు పోద్ది? పైకే," అన్నాడు. గోదారికి ఇంత దగ్గర, ఆరడుగులు తవ్వితే నీళ్లు పడే నేల ఇది. చెమ్మను ఆపగలననుకోవడమే నా పొరపాటు. ప్లాస్టరింగంతా చెక్కించాం. పెరట్లో గుంట తీసి సున్నం నానబెట్టి, మూడు వారాలు మాగనిచ్చి, బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపి మళ్లీ పూత పూశాడు. దండగైంది పద్దెనిమిది వేలు. ఇప్పుడు ఆ గదిలోకి వెళ్తే మిగతా గదుల కంటే చల్లగా ఉంటోంది.

పెంకులు ఆరొందలు మార్చాం. చెదపట్టిన వాసాలు పదకొండు తీసేసి, టేకు దొరక్క ఏగిస వేశాం.

మార్చి 16

మరుగుదొడ్లు. విడిదిలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది వీటి గురించే.

ఏటివైపు ఒక్కటి కూడా కట్టకూడదని మొదటే అనుకున్నాం. అక్కడ గొయ్యి తవ్వితే వరదొచ్చిన రోజున అదంతా గోదారిలో కలుస్తుంది. కింది ఊళ్ల వాళ్లు ఆ నీళ్లే తాగుతారు. ఊరివైపు మామూలు సెప్టిక్ ట్యాంకు కట్టినా వానాకాలంలో భూమిలో నీళ్లు పైకొచ్చి అది పొంగుతుంది. ఊళ్లో ప్రతి ఇంటికీ ఈ బాధ తెలుసు. చివరికి రక్షణ పరిశోధన సంస్థ సైనికుల కోసం తయారు చేసిన బయో డైజెస్టర్ పద్ధతి ట్యాంకు తెప్పించి, భూమిలో పాతకుండా సగం పైకి ఉండేలా దిమ్మ కట్టి కూర్చోబెట్టాం. బ్యాక్టీరియా మలాన్ని తినేస్తుంది, మిగిలిన నీరు కంకర, మెట్టతామర మొక్కల మడిలోంచి వడకట్టుకుని అరటి పాదులకి పోతుంది. ట్యాంకులో ఫినాయిలు, యాసిడ్ పడితే ఆ జీవాలు చచ్చిపోతాయి. అందుకని అత్తయ్య స్నానాలగదుల్లో కుంకుడు రసం, సబ్బునీళ్లు తప్ప మరోటి పెట్టనివ్వదు.

అరుగుల్లో ఉండే వాళ్లు అర్ధరాత్రి లేస్తే గట్టెక్కి దిగి రావాలి, నూట నలభై అడుగులు. "డబ్బిచ్చి వచ్చిన వాళ్లు అంత దూరం నడుస్తారా?" అని మా ఆయన. సోలారు లాంతర్లు వరసగా పెట్టాం, మెట్లకి తాడు పట్టుకొమ్మ కట్టాం. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి అరుగు ఇవ్వకుండా ఇంట్లో గదే ఇవ్వాలని రాసుకున్నాం.

ఏప్రిల్ 13

ఖాళీ చేసే డ్రిల్లు, మొదటిసారి. ఐదు అరుగులు, ఐదు గుడారాలు, పరుపులు, లాంతర్లు, కుర్చీలు. ఆరుగురు మనుషులు. ఉదయం ఆరింటికి ఈల వేశాను. అన్నీ పశువులపాకలోకి చేరేసరికి ఏడు గంటల పది నిమిషాలు పట్టింది.

ఎక్కడ ఆలస్యమైందో మధ్యాహ్నం కూర్చుని చూశాం. బోల్టులు మూడు సైజులవి కొన్నాం, పానా మార్చడానికే గంట పోయింది. రెండో అరుగు అడ్డం మూడో అరుగు కాళ్లతో కలిసిపోయి ఏది ఎక్కడిదో తెలియలేదు. పరుపులు ఒక్కొక్కరే మోశాం. వీటన్నిటి కంటే గట్టు మెట్లు పెద్ద అడ్డంకి. గట్టును తవ్వి దారి చేయడానికి మనకు హక్కు లేదు, అది ఊరందరి ప్రాణం. అటు రేవు బాట వాలుగా ఉంది, ట్రాక్టరు ట్రక్కు దిగుతుంది. దూరం ఎక్కువైనా ఇక నుంచి ఆ దారే.

బోల్టులన్నీ పన్నెండు మిల్లీమీటర్లవి చేశాం. ప్రతి ముక్క మీదా రంగుతో అంకెలు వేశాం: అరుగు నంబరు, ముక్క నంబరు. అమ్మాయి కుంచె పట్టుకుని డెబ్భై ముక్కలకీ తనే వేసింది.

మే 11

ఈ వారమంతా ఇంట్లో తిండి గురించే గొడవ. ధరల పట్టిక తయారు చేస్తున్నాను. గదికి ఇంత, అరుగుకి ఇంత, టిఫిను ఇంత, భోజనం ఇంత. పట్టిక వినిపిస్తుంటే మామ్మ చేతిలో వక్కలు చటుక్కున పళ్లెంలో పడేసింది.

"అన్నానికి డబ్బులు రాశావా? ఈ ఊళ్లోనా?"

బయటివాళ్లకి చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి ఊరు. 1841లో మండపేటలో పుట్టి, ఈ ఊరి జోగన్నగారిని పెళ్లాడి వచ్చారు. గోదారి దాటి వచ్చేపోయే బాటసారులకి, వరదల్లో కొంపలు మునిగిన వాళ్లకి, కులం అడక్కుండా, వేళాపాళా చూడకుండా వండిపెట్టారు. 1909లో పోయేదాకా ఆ పొయ్యి ఆరలేదంటారు. పొలాలు కరిగిపోయినా వడ్డన ఆపలేదట. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక వేడుకలకు ఆమె ఫొటో తెప్పించి కుర్చీలో పెట్టి గౌరవించారని ఇక్కడ ప్రతి పిల్లవాడూ చెబుతాడు. ఇప్పుడు రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. మామ్మకి మాత్రం ఇదంతా చరిత్ర కాదు. వాళ్ల అత్తగారి అత్తగారు ఆ ఇంట్లో వంటకి సాయం వెళ్లేదట. మామ్మ ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. సీతమ్మగారు ఒకసారి అంతర్వేది తీర్థానికి మేనాలో బయల్దేరారు. దారిలో ఒక కుటుంబం ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని "ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుద్ది" అని ఊరుకోబెడుతుంటే వినపడింది. దేవుణ్ణి చూడకుండానే మేనా వెనక్కి తిప్పించారు.

అలాంటి ఊళ్లో అన్నానికి రేటు కట్టడం మామ్మకి ఎంత కష్టమో అర్థమైంది. నా వైపు కష్టం కూడా చిన్నది కాదు. బియ్యం, నూనె, గ్యాసు, సాయం చేసే ఇద్దరు ఆడవాళ్ల కూలి, ఇవన్నీ ఎక్కణ్ణుంచి తేవాలి? రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు అత్తయ్య దారి చెప్పింది: "ఉండటానికే డబ్బు తీసుకుందాం. అందులోనే సరిపెడదాం. అన్నం లెక్క బిల్లులో కనపడొద్దు. ఎవరెంత తిన్నా, ఎవరితో ఎవరొచ్చినా అడగొద్దు."

అరుగు అద్దె మూడొందలు పెంచి, భోజనం వరస మొత్తం కొట్టేశాను. మామ్మ వక్కలు మళ్లీ తీసుకుంది.

జూన్ 1

ప్రయోగంగా మా అమ్మానాన్నల్ని పిలిచాం. అనంతపురం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారు. మా నాన్న వేరుశనగ రైతు. ఆరొందల అడుగుల బోరులో నీళ్లు అడుగంటితే మళ్లీ బోరు, మళ్లీ అప్పు. ఆయన జీవితమంతా నీటి వెంట పరుగెత్తడమే.

మావయ్య సాయంత్రం ఆయన్ని గన్నవరం అక్విడక్టు దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. ఇక్కడే గోదారి పాయ వశిష్ఠ నుంచి వైనతేయ పాయ చీలుతుంది. ఆ పాయ మీదుగా కాలువ దాటుతుంది. కింద నది, పైన కాలువ. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక, ఆ నీళ్లు వైనతేయకు అవతలున్న మామిడికుదురు, రాజోలు వైపు లంకలకి చేరాలంటే నదిని దాటించాలి. 1850ల్లోనే నలభై తొమ్మిది ఖానాలతో అక్విడక్టు కట్టేశారు. దాని పక్కనే కట్టిన కొత్త అక్విడక్టు 2000 నుంచి పనిచేస్తోంది, దానికి సీతమ్మగారి పేరు పెట్టారు.

నాన్న రెయిలింగు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. "నీళ్ల మీద నీళ్లు పారిచ్చినారే!" అన్నారు చివరికి. ఆ తర్వాత మాట్లాడలేదు. ఇంటికొచ్చాక రాత్రి నాలుగో అరుగు మీద కూర్చుని, "మీ మామ్మ చెప్పింది నిజమేమ్మా. ఇంత నీళ్లు ఊరికే ఇచ్చేది ఒక రోజు అడిగితే కాదనకూడదు," అన్నారు. ఆ మాట నేను ఆయనకి చెప్పలేదు. మామ్మే చెప్పినట్టుంది.

అమ్మ చెప్పిన లోపాలు: అరుగు మెట్టు ఎత్తు ఎక్కువ, మోకాళ్ల వాళ్లు ఎక్కలేరు. దోమతెర కింద అంచు చాలడం లేదు. పొద్దున్నే పనసాకు బుట్టల్లో ఉడికించి పెట్టిన ఇడ్లీలు, అంటే పొట్టిక్కలు, రెండు చాలవు, నాలుగు పెట్టాలి. మూడూ సరిచేశాం.

జూన్ 22

డ్రిల్లు రెండోసారి. రాత్రి, వానలో. ఇది మా ఆయన పట్టుబట్టి పెట్టించింది. వరద కబురు పగలే రావాలని లేదు కదా అని. నాలుగున్నర గంటలు.

భద్రాచలంలో నీళ్లు పెరిగితే ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అక్కడ 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మేం మొదటి హెచ్చరిక దాకా ఆగం. భద్రాచలంలో 43 అడుగులు దాటిందని వార్త రాగానే విప్పడం మొదలు. జులై నుంచి అక్టోబరు దాకా అరుగులకి బుకింగులే తీసుకోం, గదులు మాత్రమే. ఆదాయం తగ్గుతుంది, అయినా ఎర్రనీరు వచ్చే కాలంలో పరాయి పిల్లల్ని ఏటివైపు పడుకోబెట్టి మేం ఇటు నిద్రపోలేం. పులస కోసం వచ్చే వాళ్లకి గదులు చాలు.

ఆగస్టు 24

అడిగింది.

ఇరవయ్యో తేదీన భద్రాచలం వార్త విని, గుడారాలు లేని ఖాళీ అరుగులే అయినా, విప్పేశాం. మూడు గంటల యాభై నిమిషాలు. ఐదో అరుగు కాళ్లు నాలుగూ బురదలో బిగుసుకుని ఊడలేదు, చీకటి పడితే వదిలేశాం. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చారన్న కబురు వచ్చేసరికి అందరం మండువాలో టీ తాగుతున్నాం. మర్నాటికి తోటలో మోకాలి లోతు, ఆ మర్నాడు ఛాతీ లోతు. గట్టు మీద నిలబడి చూస్తుంటే మా ఐదు ఖాళీల్లోనూ నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. మరిది రాత్రంతా గట్టు మీదే కాపలా ఉన్నాడు. ఊళ్లో మగవాళ్లంతా వంతులు వేసుకుని ఇసుక బస్తాలతో తిరిగారు.

ఇవాళ నీళ్లు తీసిపోయాయి. తోటంతా జానెడు ఒండ్రు. వదిలేసిన నాలుగు కాళ్లలో రెండు కొట్టుకుపోయాయి. ఫిబ్రవరిలో ఒడ్డున రెండు వరసలు వట్టివేరు నాటాం. పై వరస నిలబడింది. కింది వరస మూడడుగుల ఒడ్డుతో సహా గోదారిలో కలిసిపోయింది. ఇంకా పెద్దదైతే ఎంత కోసేదో. మామ్మ కాపురానికి వచ్చినప్పుడు మా తోట రెండెకరాలు పైనే అట.

మావయ్య ఒండ్రు గుప్పెట్లోకి తీసుకుని పిండి చూసి, "మూడేళ్లు ఎరువు అక్కర్లేదు," అన్నారు. ఆయనకి నిజంగా సంతోషంగా ఉంది.

అక్టోబరు 30

మొంథా తుపాను మొన్న ఇరవై ఎనిమిది రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు అది ఎంత దూరమని! అందరం నడి గదిలో పడుకున్నాం. తలుపులు కొట్టుకోవడం, పెంకులు ఎగిరి మండువాలో పడి పగలడం, తోటలో చెట్లు విరిగే చప్పుడు. మామ్మ తెల్లవార్లూ అమ్మాయి తల నిమురుతూ కూర్చుంది. తొంభై ఆరు గుర్తొచ్చి ఉంటుంది, మాట మాత్రం ఎత్తలేదు.

తెల్లారి చూస్తే నాలుగు చెట్లు పడ్డాయి. ఒకటి సరిగ్గా రెండో అరుగు ఉండాల్సిన చోట అడ్డంగా పడి ఉంది. వచ్చే వారం అరుగులు మళ్లీ బిగిద్దామనుకుంటున్నాం, ఇంకా బిగించలేదు. ఆ చెట్టు పక్కన నిలబడితే నా కాళ్లు వణికాయి. తుపాను హెచ్చరిక రాగానే అరుగులే కాదు, గదుల్లో ఉన్న అతిథుల్ని కూడా ముందు రోజే ఇళ్లకి పంపించాలని, డబ్బు మొత్తం తిరిగిచ్చేయాలని ఇవాళ రాసుకున్నాం.

నవంబరు 23

అరుగులు తిరిగి నిలబడ్డాయి. రెండోదాన్ని తొమ్మిదడుగులు జరిపాం. మొదటి డబ్బిచ్చే అతిథులు నిజామాబాదు వైపు నుంచి వచ్చారు. ముగ్గురు పిల్లలతో దంపతులు, ఒక పెద్దాయన. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే కందకుర్తికి దగ్గరి ఊరట వాళ్లది. పెద్దాయన ఇంట్లో గది ఇస్తామన్నా వినకుండా అరుగు మీదే పడుకున్నారు. పొద్దున్న రేవులో మునిగి లేచి, "మా దగ్గర చూసినప్పుడు చిన్నపిల్లలెక్క ఉంటదమ్మా, ఇక్కడ పెద్దమనిషి అయింది," అన్నారు.

రేవులో స్నానానికి తాడు కట్టాం, నడుం లోతు దాటి పోనివ్వం. ఇసుక తీసిన గోతులు ఎక్కడున్నాయో మరిదికే తెలియదు. పడవ షికారు అడుగుతున్నారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మర్చిపోయేది కాదు. అన్ని అనుమతులూ, సరిపడా లైఫ్ జాకెట్లూ లేకుండా ఒక్కరినీ పడవ ఎక్కించం.

అదే రోజు రాత్రి తొమ్మిదింటికి ఇంకో కుటుంబం దిగింది. ఆన్‌లైనులో ఒకే అరుగును ఇద్దరికి అమ్మేశారు. ఆ బుకింగు సైటు వాళ్లకి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. నాకు చచ్చేంత టెన్షన్. మేం మా పడకగది వాళ్లకిచ్చి మండువాలో చాపలేసుకున్నాం. మామ్మ అప్పటికే అత్తయ్యను లేపి ఎసరు పెట్టించింది. ఆ మర్నాటి నుంచి బుకింగులు ఫోనులోనే తీసుకుంటున్నాం, అదీ ఈ పుస్తకంలో రాసుకుని.

డిసెంబరు 21, ఆదివారం

సంక్రాంతికి గదులూ అరుగులూ నిండాయి. ఇప్పటివరకూ పెట్టుబడి ఆరు లక్షల డెబ్భై వేలు, వచ్చింది ఎనభై ఒక్క వేలు. 2027లో పుష్కరాలు వచ్చే నాటికి అప్పు తీరాలన్నది మా ఆయన లెక్క. నా లెక్కలో ఇంకో ఏడాది ఎక్కువ పడుతుంది.

ఇవాళ మధ్యాహ్నం సీతమ్మగారి ఇల్లు చూద్దామని భీమవరం నుంచి వ్యానులో వచ్చిన వాళ్లు మా వీధిలో ఆగి దారి అడిగారు. మామ్మ ఇంటి వీధి అరుగు మీద కూర్చుని ఉంది. దారి చెప్పింది, తర్వాత భోజనాలయ్యాయా అని అడిగింది. అయ్యాయని మొహమాటానికి అన్నారు. మామ్మ నమ్మలేదు. విడిది అతిథులకి చేసిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, చారు వాళ్లకీ సరిపోయాయి. అత్తయ్య మళ్లీ శేరు బియ్యం పోసింది. వెళ్తూ ఒకాయన నోటు తీసి నా వైపు చాచితే నేను మామ్మ వైపు చూశాను. ఆయనే జేబులో పెట్టేసుకున్నారు.

లెక్కల పుస్తకంలో నెల కిందట ఒక గడి అదనంగా గీసుకున్నాను. అద్దె, సామాను, కూలి పక్కన "వచ్చినవాళ్లు" అని. అందులో రూపాయలు ఉండవు, మనుషుల లెక్క మాత్రమే. అత్తయ్యకి రేపటి బియ్యం అంచనా వేయడానికి పనికొస్తుంది. ఇవాళ ఆ గడిలో తొమ్మిది అని వేశాను.

రేపు పొద్దున్నే మూడో అరుగు బోల్టులకి గ్రీజు పెట్టాలి. రెండు బిగుసుకున్నాయి.